రాజీ సంతకానికి ముందు

చిరంజీవి మేనకోడలికి,



కారు గుద్ది కుడిచెయ్యి దెబ్బతిన్న వడ్రంగి కేసులో బీమా కంపెనీ 12 లక్షలు ఇస్తానంటోందనీ, వచ్చే లోక్ అదాలత్‌లో ముగించమంటారా అనీ అడిగావు. ఆ కుటుంబం ఒక్కచోట ఎన్నడూ చూడని డబ్బు అది. అందుకే ఒప్పుకోబుద్ధవుతుంది. లెక్క వెయ్యకుండా మాత్రం ఔననకు, కాదనకు.

ఆయనకు 38 ఏళ్లు, నెలకు 15 వేల సంపాదన అన్నావు. ఏడాదికి 1,80,000. సొంతంగా పని చేసుకునేవాడు, నలభై నిండనివాడు కాబట్టి, 2017 నాటి సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పినట్టు ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపు. 2,52,000 అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టికలో ఆ వయసుకు గుణకం 15. హెచ్చవేస్తే 37,80,000. గాయాల కేసు కాబట్టి సొంత ఖర్చుల కింద కోత ఉండదు.

ఇందులో ఎంత శాతం వస్తుందన్న దగ్గరే కేసంతా ఉంది. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యం అని రాసింది. కంపెనీ ఆ అంకెనే పట్టుకుంటుంది. దాని ప్రకారం చూసినా 15,12,000 రావాలి. పైగా డాక్టరు రాసింది శరీరానికి జరిగిన నష్టం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ తేల్చాల్సింది సంపాదనకు జరిగిన నష్టం. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమర్చి చెప్పింది: ఎడమచెయ్యి పోయినా గుమాస్తా కొలువు నిలవవచ్చు, డ్రైవరుకో వడ్రంగికో జీవనాధారం దాదాపు పూర్తిగా పోతుంది. నీ కక్షిదారు ఇక చిత్రిక పట్టలేడని రుజువు చేస్తే ట్రిబ్యునల్ 70 శాతం దాకా వెళ్లవచ్చు. అప్పుడు ఈ ఒక్క పద్దు కిందే 26,46,000. వైద్యం ఖర్చులు, నొప్పి బాధలకు ఇచ్చేది, వడ్డీ వేరు.

అయితే ఇదంతా రుజువైతేనే. ఆదాయానికి కాగితం ఉందా? పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యానికి వస్తాడా? వైద్యం చేసిన డాక్టరు బోనెక్కుతాడా? ఛార్జిషీటు కారు డ్రైవరు మీదే ఉందా, ఇద్దరిదీ తప్పేనని కంపెనీ వాదించే సందుందా? ‘లేదు’ అన్న ప్రతి జవాబుకూ మొత్తంలో కొంత తగ్గించుకో. తీర్పు వచ్చాక కంపెనీ 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వెయ్యవచ్చు. ఆ లోగా ఇల్లు గడవాలి. ఆస్పత్రి కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుంటే, కోర్టు వేసే వడ్డీ దానికి ఏ మూలకూ రాదు. అలాంటి ఇంటికి ఇవాళ అందే డబ్బుకు విలువ ఎక్కువ. దాన్ని తేలిగ్గా తీసెయ్యకు.

చేతిలో ఇంకా ప్లేటూ స్క్రూలూ ఉన్నాయేమో డాక్టరును అడుగు. తుది అవార్డు అయ్యాక మళ్లీ ఆపరేషన్ అయిందని ఇంకోసారి పరిహారం అడిగే వీలు చట్టంలో లేదని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాబోయే వైద్యం ఖర్చు ఇప్పుడే లెక్కలోకి రావాలి.

లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రాజీ కుదరకపోతే కేసు తిరిగి ట్రిబ్యునల్‌కే వస్తుంది. లోక్ అదాలత్‌కు తీర్పు చెప్పే అధికారం లేదనీ, ఇరుపక్షాలూ ఒప్పుకున్నదాన్నే నమోదు చెయ్యాలనీ 2008లో జలౌర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బెంచీ మీది పెద్దలు నచ్చజెప్పారని మొహమాటపడి తలూపవద్దు.

నా మాట ఇది. కంపెనీ పట్టుకున్న శాతం ప్రకారమే 12 లక్షలు తక్కువ, ఒప్పుకోవద్దు. సాక్ష్యంలోని లోటుపాట్లకు కొంత తగ్గించుకుని చూసినా, కంపెనీ 20 లక్షలు దాటి ఇస్తానంటే కూర్చుని మాట్లాడవచ్చు.

నిర్ణయం మాత్రం ఆయనది. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, కంపెనీ ఇస్తానన్నది, గెలిస్తే రాగలిగేది, సాక్ష్యం బెడిసికొడితే మిగిలేది మూడూ తెలుగులో కాగితం మీద రాసివ్వు. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోనివ్వు. రాజీ అయితే మన ఫీజు తొందరగా వస్తుందన్న ఆలోచనను దగ్గరికి రానీయకు. ఆయనకు పూర్తిగా అర్థమైందని నీకు నమ్మకం కుదిరాకే ఆ రాజీ పత్రం మీద సంతకం పెట్టించు.

ఇట్లు,
మామయ్య