ఆకు చెప్పిన చోటు, గవ్వ చెప్పిన కాలం

డైనోసార్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ‘జురాసిక్ పార్క్’. 1993లో వచ్చిన ఆ సినిమాలో జనాన్ని హడలెత్తించిన టీ-రెక్స్, వెలోసిరాప్టర్ రెండూ అసలు జురాసిక్ కాలానివి కావు. ఆ తర్వాత వచ్చిన క్రిటేషియస్ కాలానివి. అంటే బోర్డు మీద ఒక కాలం, లోపల ఇంకో కాలం అన్నమాట. సరిగ్గా ఇలాంటి తికమకే మన ప్రకాశం జిల్లా రాళ్ల విషయంలోనూ జరిగింది. అక్కడి రాళ్లలో దొరికిన ఆకుల్ని చూసి జురాసిక్ అన్నారు. సుమారు అర్ధ శతాబ్దం తర్వాత, అవే రాళ్లలోని ఒక సముద్రజీవి గవ్వ చూసి కాదు, తొలి క్రిటేషియస్ అన్నారు. ఆకు ఎందుకు తప్పుదారి పట్టించింది, గవ్వ మాట ఎందుకు నిలబడింది అన్నదే ఈ వ్యాసం.

ఊళ్ల పేర్లే రాళ్ల పేర్లు

గుంటూరు నుంచి ఒంగోలు దాకా బస్సులో వెళ్తే కనిపించేది నల్లరేగడి. పత్తి, మిర్చి, శనగ, పొగాకు. ఈ నేల కింద రాయి ఉందన్న సంగతే గుర్తురాదు. కానీ ఒంగోలు చుట్టుపక్కల అక్కడక్కడా, చిన్న మెరకల మీద, రేగడి మధ్య ద్వీపాల్లాగా ఇసుకరాయి, షేల్ బయటపడి ఉంటాయి. షేల్ అంటే బురద పొరలు పొరలుగా గట్టిపడి, పలకల్లా ఊడొచ్చే రాయి.

వీటిని వరసగా సర్వే చేసి రాసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు గొడ్డలిని గుర్తించిన ఫుట్ ఈయనే. భారత భూవైజ్ఞానిక సర్వే అంటే జీఎస్ఐ ఉద్యోగిగా ఆయన మన తీరాన్ని కొలిచి రాసిన నివేదిక 1879లో వచ్చింది. ఈ ప్రాంతపు రాళ్లు మూడు పొరలు. కింద బూదవాడ ఇసుకరాయి, మధ్యలో వేమవరం షేల్, పైన పావులూరు ఇసుకరాయి. మూడూ మన ఊళ్ల పేర్లే. భూగర్భశాస్త్రంలో ఒక పొర ఎక్కడ బాగా కనిపిస్తే ఆ ఊరి పేరే దానికి పెడతారు. అలా మన పల్లెల పేర్లు ప్రపంచమంతా చదివే పుస్తకాల్లోకి ఎక్కాయి.

గోదావరి వైపు కూడా ఇలాంటి మూడు పొరలే ఉన్నాయి. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవపురం షేల్, తిరుపతి ఇసుకరాయి. చివరి పేరు చూసి ఏడుకొండలు అనుకోకండి. అది చిన్న తిరుపతి, అంటే ద్వారకా తిరుమల.

అప్పటికి బంగాళాఖాతం లేదు

క్రిటేషియస్ కాలం సుమారు 14.5 కోట్ల ఏళ్ల కిందట మొదలై 6.6 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. 10 కోట్ల ఏళ్ల ముందు దాకా ఉన్న భాగాన్ని తొలి క్రిటేషియస్ అంటారు. మన కథ దాదాపు 13-12 కోట్ల ఏళ్ల కిందటిది.

అంతకుముందు మన తూర్పు తీరానికి అవతల సముద్రం లేదు, తూర్పు అంటార్కిటికా ఉండేది. తూర్పు కనుమల్లోని రాళ్లకీ, అక్కడి ఎండర్బీ లాండ్ వైపు రాళ్లకీ ఇప్పటికీ పోలిక కుదురుతుంది. చింపిన కాగితం రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూసినట్టే. తొలి క్రిటేషియస్‌లో ఈ రెండు ఖండాలూ విడిపోయాయి. విడిపోవడం అంటే ఒక్కరోజులో పగలడం కాదు. ముందు నేల సాగుతుంది, పలచబడుతుంది, పొడవాటి పగుళ్లు ఇస్తుంది. పగుళ్ల మధ్య కొన్ని దిమ్మలు కుంగుతాయి, కొన్ని ఎత్తుగా మిగిలిపోతాయి. కుంగినదాన్ని గ్రాబెన్ అనీ, నిలిచినదాన్ని హార్స్ట్ అనీ అంటారు. కృష్ణా గోదావరి బేసిన్ పుట్టింది ఇలాగే. బాపట్ల మట్టి కింద దాగున్న ఒక ఎత్తు దిమ్మకి నేటికీ చమురు ఇంజినీర్లు వాడే పేరు ‘బాపట్ల హార్స్ట్’.

కుంగిన పల్లాల్లోకి ముందు నదులు వచ్చాయి, తర్వాత సముద్రం వచ్చింది. లోతు లేని, సన్నటి, కొత్త సముద్రం. ఒడ్డున అడవి. అడవి ఆకులు వాగుల్లో కొట్టుకొచ్చి సముద్రపు బురదలో మునిగేవి. అదే బురదలో సముద్రజీవులు కూడా చనిపోయి పడేవి. అందుకే మన పొరల్లో నేల మీది ఆకూ, నీళ్లలోని గవ్వా కలిసి దొరుకుతున్నాయి. ఈ కలయిక గుర్తు పెట్టుకోండి, తగువు తీరేది దీనివల్లే.

ఒడ్డు మీద: పత్తి లేదు, మిర్చి లేదు

వేమవరం ఆకుల్ని చదివినవాడు ఒట్టోకర్ ఫీస్ట్‌మాంటెల్. బొహీమియా, అంటే నేటి చెక్ దేశం, నుంచి కలకత్తా వచ్చి జీఎస్ఐలో పనిచేసిన శిలాజ వృక్షశాస్త్రవేత్త. మద్రాసు తీరపు శిలాజ వృక్షాల మీద ఆయన గ్రంథం కూడా 1879లోనే వచ్చింది.

ఆ జాబితాలో ఫెర్న్‌లు ఉన్నాయి. శంఖాకార వృక్షాలు, అంటే కోనిఫర్లు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా టైలోఫిల్లం ఉంది. ఈత మట్టలాగా మధ్య ఈనెకి రెండు పక్కలా సన్నటి ఆకులు వరసగా ఉండే మొక్క అది. చూడ్డానికి సైకాడ్‌లా ఉంటుంది. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీని చూసినవాళ్లకి ఆ రూపం తేలిగ్గా ఊహకొస్తుంది. కానీ టైలోఫిల్లం సైకాడ్ కాదు, బెనెటిటేల్స్ అనే వేరే వర్గం. ఆ వర్గం మొత్తం అంతరించిపోయింది. ఇలాంటి మొక్క నిలబడి ఉంటే ఎలా ఉండేదో రాజ్‌మహల్ కొండల శిలాజాల ఆధారంగా 1932లో బీర్బల్ సహానీ చూపించారు. పొట్టి కాండం, పైన మట్టల గుంపు, పువ్వులాంటి పునరుత్పత్తి భాగాలు.

ఆ జాబితాలో పూల మొక్క ఒక్కటీ లేదు. ప్రపంచంలో పూల మొక్కలు అప్పుడప్పుడే తలెత్తుతున్న రోజులవి. అంటే పత్తి, మిర్చి, వరి, వేప, చివరికి గట్టు మీద గరిక కూడా లేని గుంటూరు-ప్రకాశం అది.

నీళ్లలో: అమ్మోనైట్ అనే జలాంతర్గామి

ఇక జంతువుల సంగతి. బూదవాడ, వేమవరం పొరల్లో రెండు చిప్పల జీవులు అంటే ఆల్చిప్పల చుట్టాలు, వాటితోపాటు అమ్మోనైట్లు దొరికాయి. అమ్మోనైట్ అంటే తెలియదనుకుంటున్నారా? సాలగ్రామం చూశారు కదా. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే చక్రం గుర్తున్న ఆ నల్లరాళ్లలో చాలావాటి లోపల ఉన్నది అమ్మోనైటే. మన ఇళ్లలో పూజామందిరం దాకా వచ్చిన జీవి ఇది.

బయటికి నత్తలా ఉంటుంది కానీ దీని దగ్గరి బంధువులు ఆక్టోపస్, స్క్విడ్. చుట్ట తిరిగిన గుల్ల లోపల గోడలు కట్టుకుంటూ పెరుగుతుంది. చివరి గదిలో జీవి ఉంటుంది, వెనక గదులన్నీ ఖాళీ. ఒక సన్నటి గొట్టం అన్ని గదుల్లోంచీ వెళ్తుంది. దాని ద్వారా గదుల్లోని నీటిని లాగేసి, వాయువు నింపుకుంటుంది. ఇప్పటికీ బతికున్న నాటిలస్ చేసే పని ఇదే.

మనం ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. గుల్ల ఆరగొనైట్ అనే ఖనిజంతో అవుతుంది, సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 2.9 గ్రాములు. సముద్రపు నీటిది 1.026. గుల్ల 100 గ్రాములనుకుంటే దాని ఘనపరిమాణం 34.5 ఘన సెం.మీ. అది తొలగించే నీటి బరువు సుమారు 35.4 గ్రాములు. మిగిలిన 64.6 గ్రాముల బరువు తేలాలంటే 64.6ని 1.026తో భాగించాలి. అంటే సుమారు 63 ఘన సెం.మీ. వాయువు కావాలి. మెత్తటి శరీరం బరువు వదిలేసి వేసిన లెక్క ఇది. అది కూడా కలిపితే ఇంకొంచెం ఎక్కువే కావాలి. బాలస్ట్ ట్యాంక్ సూత్రం మనిషికి తట్టక కోట్ల ఏళ్ల ముందే ఇక్కడ నడిచిందన్నమాట.

లోపలి గోడ గుల్లని తాకే చోట ఏర్పడే గీతని సూచర్ అంటారు. అమ్మోనైట్లలో అది ముగ్గు అంచులాగా మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికలు, గుల్ల పైనున్న గాళ్ల వరసలు జాతికో తీరుగా ఉంటాయి. గుర్తుపట్టడానికి వేలిముద్రలాగా పనికొస్తాయి.

ఎవరి సాక్ష్యం నమ్మాలి?

వేమవరం ఆకులు రాజ్‌మహల్ ఆకుల్ని పోలి ఉన్నాయి. ఆ రోజుల్లో రాజ్‌మహల్ పొరల్ని జురాసిక్ అనుకునేవారు. కాబట్టి ఇవీ జురాసిక్ అన్నారు. తర్కంలో లోపం లేదు, ఉన్న చిక్కల్లా గడియారంలోనే. టైలోఫిల్లం లాంటి మొక్కలు జురాసిక్ నుంచి తొలి క్రిటేషియస్ దాకా పెద్దగా మారకుండా కొనసాగాయి. ముల్లు కదలని గడియారం చూసి టైం చెప్పడం లాంటిది ఇది.

అమ్మోనైట్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్కో జాతి కొద్దికాలమే ఉంటుంది, కానీ ఆ కొద్దికాలంలోనే సముద్రాల మీదుగా దూరదూరాలకి పాకుతుంది. కాబట్టి బూదవాడలో దొరికిన గుల్లని యూరప్ గుల్లలతో పోల్చి కాలం చెప్పొచ్చు. లండన్‌లో అమ్మోనైట్ల నిపుణుడు ఎల్.ఎఫ్. స్పాత్ ఆ పనే చేశారు. 1933లో ఒక కొత్త జాతికి పేస్కోయిటిస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టారు. మొదటి మాట జీఎస్ఐ డైరెక్టరుగా పనిచేసిన ఎడ్విన్ పేస్కో పేరు మీద, రెండో మాట మన బూదవాడ పేరు మీద. ఆ గుల్లలు చెప్పిన కాలం తొలి క్రిటేషియస్. ఆకూ గవ్వా ఒకే పొరల్లో ఉన్నాయి కాబట్టి ఆకుల వయసు కూడా మారక తప్పలేదు. తర్వాత రాజ్‌మహల్ లావా వయసుని రేడియోధార్మిక పద్ధతుల్లో కొలిస్తే అది కూడా సుమారు 11.8 కోట్ల ఏళ్లని తేలింది. అంటే అక్కడా క్రిటేషియసే.

అలాగని ఆకుని తీసిపారేయలేం. దగ్గర్లో నేల ఉందనీ, అడవి ఉందనీ, వాగులు పారేవనీ చెప్పింది ఆకే. గవ్వకి ఆ సంగతి తెలియదు. ఏ ప్రశ్నకి ఎవర్ని సాక్షిగా పిలవాలో తెలుసుకోవడమే ఇక్కడి పాఠం.

మరి డైనోసార్లో?

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లో ఇగ్వానడాన్ తిరిగేది. చైనాలోని లియావోనింగ్‌లో ఈకలున్న సైనోసారోటెరిక్స్ ఉండేది. వాటి రాళ్లు చెరువుల్లో, నదుల్లో పేరుకున్నవి. మన బూదవాడ, వేమవరం రాళ్లలో సముద్రపు బురద, ఇసుక ఉన్నాయి కాబట్టి వాటిలో రాజు అమ్మోనైట్. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ యామనపల్లియెన్సిస్ తెలుగు నేల డైనోసారే, కానీ అది గోదావరి లోయలోని కోటా రాళ్లది, జురాసిక్ కాలానిది. మన బూదవాడ అమ్మోనైట్ కన్నా కోట్ల ఏళ్లు పెద్దది. రెండింటినీ ఒకే బొమ్మలో వేయకూడదు.

సూక్ష్మదర్శినిలో ఉద్యోగం

ఈ పొరల్లో ఇంకో జంతు సాక్షి కూడా ఉంది, కంటికి కనపడదు. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు. కొన్ని ఇసుక రేణువుల్ని అతికించుకుని ఇల్లు కట్టుకుంటాయి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.ఎన్. భల్లా రాఘవపురం షేల్‌లోని వీటిపై అధ్యయనాన్ని 1969లో ప్రచురించారు. ఇదేదో మ్యూజియం ముచ్చట కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ పుట్టించిన ముఖ్యమైన మూలశిలల్లో రాఘవపురం షేల్ ఒకటి. బావి తవ్వేటప్పుడు అమ్మోనైట్ చెక్కుచెదరకుండా పైకి రాదు, డ్రిల్లు నుగ్గు చేసేస్తుంది. ఫొరామినిఫెరా మాత్రం ఆ పొడిలో కూడా మిగులుతుంది. డ్రిల్లు ఇప్పుడు ఏ పొరలో ఉందో చెప్పే గుర్తుల్లో అదొకటి.

మీకు కనిపిస్తే

బావి తవ్వినా, క్వారీ కొట్టినా, పొలం చదును చేసినా ఈ రాళ్లు పైకొస్తాయి. చాలాసార్లు అవే రాళ్లు రోడ్డు గుంతల్లోకీ పునాదుల్లోకీ వెళ్లిపోతాయి. అసలే రేగడి మధ్య చిన్న చిన్న ద్వీపాలు, కాబట్టి పోయిన ముక్క పోయినట్టే. మీ ఊళ్లో పలకరాయి మీద ఆకు అచ్చో, చుట్ట తిరిగిన గుల్ల అచ్చో కనిపిస్తే సుత్తితో విడగొట్టొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. ఎంత లోతులో వచ్చిందో, కింద ఏ రాయి, పైన ఏ రాయి ఉందో రాసుకోండి. తర్వాత ఏదైనా యూనివర్సిటీ జియాలజీ విభాగానికి గానీ, హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ ఆఫీసుకి గానీ తెలియజేయండి.

పొర తెలియని గుల్ల షోకేసులో అలంకారానికి పనికొస్తుంది, అంతే. బూదవాడ గుల్ల ఒక తగువు తీర్చగలిగిందంటే, అది ఏ ఊళ్లో, ఏ పొరలో దొరికిందో ఎవరో ఓపిగ్గా రాసిపెట్టారు కాబట్టే.