పనితనం ఒకరిది, పేరు మరొకరిది

వర్తకంలో మోసం అనగానే మనకు తూనికలు, కొలతలే గుర్తుకు వస్తాయి. కాని ఒక వస్తువు ఎక్కడ తయారయిందో, ఎవరి చేతుల మీదుగా తయారయిందో అబద్ధం చెప్పటం కూడా మోసమే. స్నూకర్ ఆడే కర్రను (క్యూను) ఉదాహరణగా తీసుకుందాం. ఆటపై పందెం కాయటం హరామ్ అన్న సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ మన చర్చ కర్ర అమ్మకం గురించి మాత్రమే.

ఈ ఆట 1875లో మన దేశంలోని జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టింది. కర్ర ముందుభాగాన్ని సాధారణంగా యాష్ లేక మేపుల్ కలపతో, పిడిని ఎబొనీ వంటి బరువైన నల్లని కలపతో చేస్తారు. మంచి పనివాడు ఈ రెంటినీ అతికి, చిత్రికపట్టి, వంకర లేకుండా సన్నగా తీర్చుతాడు. నేడు ఈ కర్రలు ఇంగ్లండ్‌లోనూ, థాయిలాండ్‌లోనూ, చైనాలోనూ, పాకిస్తాన్‌లోనూ తయారవుతున్నాయి. మెరుగుపెట్టి, పేరు చెక్కిన తర్వాత అది ఎక్కడిదో మామూలు కొనుగోలుదారుకు తెలియదు. 'చేతిపని', 'ఫలానా దేశపు ఉస్తాద్ చేసింది' అన్న మాటను నమ్మే అతను ఎక్కువ ధర ఇస్తాడు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా తడి గింజల్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. తడి గింజలు అమ్మటాన్ని ఆయన తప్పుపట్టలేదు, దాచటాన్ని తప్పుపట్టారు.

"కర్ర బాగానే ఉంది కదా, ఎవరికి నష్టం?" అని కొందరు అంటారు. నష్టం ఇద్దరికి. కొన్నవాడు లేని గుణానికి డబ్బు చెల్లించాడు. ఎక్కడో చెమటోడ్చిన పనివాడి పేరు చెరిగిపోయింది. తనకు లభించని దాన్ని లభించినట్లు చూపుకునేవాడిని దైవప్రవక్త (స) అబద్ధపు దుస్తుల జత ధరించినవాడితో పోల్చారు. ఇతరుల పనిని తన పనిగా చెప్పుకునేవాడు ఈ పోలికను బాగా ఆలోచించాలి.

హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథం 'హిదాయా'లో ఒక నియమం ఉంది. ఫలానా గుణం ఉందన్న షరతుపై అమ్మిన దానిలో ఆ గుణం లేకపోతే, కొన్నవాడు దాన్ని తిప్పి ఇచ్చేయవచ్చు, లేదా పూర్తి ధరకే ఉంచుకోవచ్చు. కనుక 'చేతిపని' అన్న షరతుపై అమ్మిన కర్ర యంత్రపు పని అని తేలితే, అది తిరిగి వచ్చినప్పుడు వర్తకుడు గొడవపడకుండా డబ్బు ఇచ్చేయాలి.

ధర్మం వర్తకుణ్ణి ఇబ్బంది పెట్టదు. ఇతరుల దగ్గర తయారైన కర్రలు తెప్పించి, తన దుకాణం ముద్ర వేసి, న్యాయమైన లాభానికి అమ్ముకోవచ్చు. సరుకు ఏ ధరకు తెచ్చాడో, ఎవరి దగ్గర తెచ్చాడో అందరికీ చెప్పనవసరం లేదు. కాని 'నేనే చేశాను' అనకూడదు. అడిగినప్పుడు అబద్ధమాడకూడదు. అబద్ధాన్ని నమ్మించే ముద్ర వేయకూడదు. "పిడి అక్కడ తయారయింది, మెరుగు మేం పెట్టాం" అంటే సరిపోతుంది.

చేనేత చీరకైనా, అత్తరు సీసాకైనా, ఇంట్లో చేశామని అమ్మే పచ్చడికైనా ఇదే సూత్రం. అమ్మేవారూ కొనేవారూ నిజం చెప్పుకుని, లోపాలు వెల్లడిస్తే బేరంలో శుభం (బర్కత్) ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ద్వారా తెలుస్తోంది.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా, మన మాటను సత్యంగా ఉంచుగాక! ఆమీన్.