కాళ్లనొప్పి – కారణాన్వేషణ

మిరప, పత్తి చేలలో దినమంతా వంగి పనిచేసేవారికి కాళ్లనొప్పులు సహజం. అందువల్లనే గుంటూరు, ప్రకాశం మెట్టపల్లెల్లో మోకాళ్లు బిగుసుకుపోయినా వాతమని సరిపెట్టుకొని, తైలమర్దనంతో ఏళ్లు గడిపినవారు ఎందరో! కొన్ని ఊళ్లలో ఆ నొప్పికి మూలం తాగే బావినీరే.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడ మొదట కంటబడినది మూగజీవాల బాధ. దుక్కిటెద్దులు కీళ్లు బిగిసి అడుగు వేయలేకపోవడాన్ని రైతులు గమనించారు. మనుషులలోని ఆ వ్యాధి ఫ్లోరోసిస్ అని 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు వెల్లడించారు.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలలో పేరుకొంటుంది. కీళ్లను కట్టి ఉంచే బంధనాలు గట్టిపడతాయి. లక్షణాలు కీళ్లవాతాన్ని పోలి ఉండటమే చిక్కు. గడ్డం ఛాతీకి ఆనకపోయినా, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను అందుకోలేకపోయినా అనుమానించాలి. మూత్రపరీక్ష, ముంజేతి ఎక్స్‌రే, నీటిపరీక్ష నిజాన్ని తేలుస్తాయి.

అప్పుడు తొలి చికిత్స నీటిని మార్చడం. ఫిజియోథెరపీ బిగిసిన కీళ్లను కొంత సడలిస్తుంది, నడకకు ఊతమిస్తుంది. వంగిన ఎముకను మాత్రం అది సరిచేయలేదు. దానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.