ఉద్యోగవిరమణము - కైంకర్యము

ఉద్యోగమునకు విరమణవయస్సు కలదు గాని నేర్చిన విద్యకు లేదు. ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన చేయి, రోగి నాడి చూచిన చేయి, ఒక సాయంకాలము పూలమాలతో ఇల్లు చేరినంతమాత్రమున తన పనిని మఱచునా? ఆ నేర్పు ఇక ఎవరికి చెందవలెనను ప్రశ్న ఆనాడు పుట్టును.

శ్రీవైష్ణవ సంప్రదాయమున దీనికి సమాధానము క్రొత్తగా వెదకనక్కఱలేదు. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. శేషునకు గల సామర్థ్యమంతయు శేషిదే. కావున వేతనము నిలిచిన పిమ్మట చేయు సేవ దానము కానేరదు. స్వామి సొమ్మును స్వామికి అప్పగించుటయే యగును. ఈ భేదము తెలియనివాడు సేవకు వచ్చియు దాతవలె నిలుచును.

అరణ్యకాండలోని పంచవటీ ఘట్టము ఇచ్చట పరిశీలింపదగినది. ఆశ్రమమునకు తగిన చోటు చూడుమని శ్రీరాముడు లక్ష్మణునితో పలికెను. నీరు చేరువగా నుండవలెననియు, సమిధలు, పుష్పములు, దర్భలు దొరకవలెననియు లక్షణములను కూడ తెలిపెను. చిత్రకూటమున పర్ణశాల నిర్మించిన సౌమిత్రికి ఇది తెలియని పని కాదు. ఐనను ఆయన చేతులు జోడించి, తాను ఎన్ని యేండ్లకైనను పరతంత్రుడననియు, చోటును రాముడే చూపి కట్టుమని ఆజ్ఞాపింపవలెననియు విన్నవించెను. రాముడు ఆయన చేయి పట్టుకొని స్థలము చూపెను. ఇక అప్పుడు చూడవలెను లక్ష్మణుని పనితనము! మట్టి గోడలు, గట్టి స్తంభములు, పొడవైన వెదురు దూలములు, జమ్మికొమ్మలు పఱచి త్రాళ్ళతో బిగించిన కప్పు, దానిపై కుశకాశములు, చదునైన నేల. రాముడిచ్చిన బహుమానము గాఢాలింగనము. పరతంత్రుడనని చెప్పినవాడు పనిలో కొఱత చేయలేదు. వినయమును నెపముగా చేసికొని నేర్పును దాచువారు ఈ ఘట్టమును మఱల చదువవలెను.

తిరుమలలో 2000వ సంవత్సరమున ప్రారంభమైన శ్రీవారి సేవకు వచ్చువారిలో పెద్ద పదవులు నిర్వహించినవారును ఉందురు. బ్యాంకులలో నోట్లు లెక్కించినవారికి పరకామణి తెలిసిన పనియే. కాని ఒక కార్యాలయము నంతటిని నడిపిన అధికారికి అన్నప్రసాద సముదాయమున కూరగాయలు తరుగు పని లభింపవచ్చును. అచ్చట మనస్సు చివుక్కుమనినచో, విరమించినది ఉద్యోగమే గాని అధికారము కాదని తెలిసికొనవలెను. తిరుమలనంబి రామానుజులవారికి శ్రీమద్రామాయణార్థమును ఉపదేశించిన మహాపండితుడు. ఆయన నిత్యకైంకర్యము స్వామికి తీర్థకుండ మోయుట. మోయువానికి పాండిత్యమేలయని ఆయన తలపలేదు.

మఱియొక చిక్కు కలదు. అనంతాళ్వారు చెఱువు త్రవ్వుచుండగా గర్భవతియైన ధర్మపత్ని మట్టి మోయుచుండెను. బాలుని రూపమున వచ్చిన స్వామి ఆమెకు సాయము చేయగా, తన కైంకర్యమున అన్యులు చొఱబడరాదని ఆయన గునపము విసరెను. అది స్వామి గడ్డమునకు తగిలినదని ప్రసిద్ధి. గునపము నేటికిని మహాద్వారమునొద్ద కనబడును. స్వామి చుబుకమున పచ్చకర్పూరము నిలిచినది. ఆ మహనీయుని అనన్యత సామాన్యులకు అనుకరణీయము కాదు. అనుభవజ్ఞులైన వృద్ధులు కొందఱు తాళపుచెవిని గాని, లెక్కపుస్తకమును గాని మఱియొకని చేతికి ఇయ్యరు. రేపు వారు మంచము పట్టినచో ఆలయపు పని ఆగిపోవును.

ప్రతివారును కొండకే పోవలెనను నియమము లేదు. స్వగ్రామ దేవాలయమున వానకు కారు మండపమును విశ్రాంత ఇంజనీరు చూచి, కప్పున నీరు ఎచ్చట నిలుచుచున్నదో చెప్పవచ్చును. లెక్కలెఱిగినవారు ఆలయపు జమాఖర్చులను సరిచూచి ఇయ్యవచ్చును. వైద్యుడు ఉత్సవదినములందు ఒక బల్ల వేసికొని కూర్చున్నను చాలును. ఇంట రోగియైన భార్యను విడిచి సేవకు పరుగిడుట మాత్రము ఎవరును మెచ్చరు. పని మొదలిడుటకు ముందు అర్చకుని, ధర్మకర్తను కలిసి ఏది కావలయునో అడిగి తెలిసికొనవలెను. మొదటినాటినుండియే ఒక యువకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పవలెను.