రుద్రమదేవి నుండి గ్రామపంచాయతీ వరకు
(ప్రజాపాలనమున స్త్రీల స్థానము – అధ్యయన పాఠము)



ఈ పాఠమును ఒక బాలిక అడిగిన ప్రశ్నతో ఆరంభించుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఐరాల ప్రాంతమున నేను పనిచేయు పాఠశాలలో స్వాతంత్ర్య దినోత్సవము జరిగినది. ఊరి పేరు ఇచట అనవసరము. ఆ గ్రామ సర్పంచి పదవి స్త్రీలకు కేటాయింపబడినది. ఎన్నికలో గెలిచిన తల్లి సమయమునకు ముందే వచ్చినది. కాని నడిమి కుర్చీలో ఆమె భర్త కూర్చుండెను. ఆమె వంటగది గోడప్రక్కన, మధ్యాహ్న భోజనము వండు స్త్రీలతో కలిసి నిలుచుండెను. జెండా త్రాడు లాగినది ఆయనయే; ఉపన్యసించినది ఆయనయే. పిల్లలకు మిఠాయి పంచువేళ మాత్రము ఆమెను పిలిచిరి.

అప్పుడు ఏడవ తరగతి బాలిక యొకతె నా ప్రక్కకు వచ్చి, “సార్, మన సర్పంచి ఆయమ్మా, ఆయప్పా?” అని మెల్లగా అడిగెను. నేను వెంటనే బదులు చెప్పజాలకపోతిని. ఏలయన ఆ కుర్చీలు వేయించినవాడను నేనే.

ఆ బాలికకు నేనాడు ఈయలేని సమాధానమును చరిత్రనుండి వెదకి తెచ్చుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. స్త్రీకి పీఠము లభించుట యొకటి. ఆ పీఠముపై ఆమె పేరు, ఆమె మాట నిలుచుట మరియొకటి. ఈ రెంటికిని నడుమ నున్న దూరమెంతయో తెలిసికొనుటకు మన తెలుగునేలపై రుద్రమదేవి చరిత్రకంటె తగిన పాఠము లేదు.

1. పురుషనామమున పాలించిన రాణి

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సా.శ. 1199 మొదలు 1262 వరకు రాజ్యము చేసెను. ఆయనకు పుత్రులు లేరు. రుద్రమ, గణపమ అను ఇరువురు కుమార్తెలు. గణపమను ధరణికోటను పాలించిన కోట బేతరాజునకిచ్చి వివాహము చేసెను. భర్త మరణానంతరము ఆమె ఆ ప్రాంతమును తానే పాలించెను. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునకిచ్చి వివాహము చేసెను. అయినను రాజ్యమును అల్లునికి అప్పగింపలేదు. సుమారు 1260 ప్రాంతమున కుమార్తెనే తనతో పాటు పాలనభారమున నిలిపెను. 1262 నుండి 1289 వరకు ఆమె స్వతంత్రముగా ఓరుగల్లునుండి పాలించెను.

ఇచట గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆ కాలపు అనేక శాసనములందు ఆమె ‘రుద్రదేవ మహారాజు’ అని పేర్కొనబడినది. కొలువునందు ఆమె పురుషవేషము ధరించుచుండెనని కూడ ప్రతీతి. ఇరువది యేడు సంవత్సరములు రాజ్యమేలిన స్త్రీకి మహారాజు అను పేరు ఏల కావలసి వచ్చెను? సామంతులు స్త్రీ యాజ్ఞకు తలయొగ్గుదురో లేదో యను శంకయే దానికి కారణమని చరిత్రకారులు తలంచిరి. ఆ శంక నిరాధారమైనది కాదు. ఆమె సింహాసనమెక్కిన తొలి దినములలోనే లోపలి కలహములు, వెలుపలి దండయాత్రలు ఒక్కుమ్మడిగా వచ్చిపడినవి. రేచెర్ల ప్రసాదిత్యుని వంటి సేనానులు ఆమె పక్షమున నిలిచిరి. ‘కాకతీయ రాజ్యస్థాపనాచార్య’ యను బిరుదము ఆయనకు ఆ సేవవలననే కలిగినది.

దేవగిరి యాదవ రాజు మహాదేవుడు ఓరుగల్లుపై దండెత్తెను. తెలుగువారి కథనము ప్రకారము రుద్రమ అతనిని ఓడించి తరిమెను. యాదవుల మంత్రి హేమాద్రి మాత్రము తన ప్రభువు ఆమెను స్త్రీ యగుటచే విడిచిపెట్టెనని వ్రాసెను. యుద్ధభూమిలో ఎదురు నిలిచిన రాజు పురుషుడైనచో ఇట్టి వాక్యము పుట్టెడిదా? కత్తి పట్టిన స్త్రీని సమానశత్రువుగ నంగీకరించుటకును లోకమునకు మనసొప్పలేదు.

2. మల్కాపురము శాసనము చెప్పునది

యుద్ధముల కథలనే చెప్పుకొని ఊరకుండుట మన చరిత్రపాఠములలోని లోపము. పాలకుని యోగ్యత యుద్ధముకంటె ధర్మకార్యములలో స్పష్టపడును. 1261 నాటి మల్కాపురము శాసనము ఈ విషయమున వెలలేనిది. గణపతిదేవుని దీక్షాగురువు గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యుడు. ఆయనకు కృష్ణానది యొడ్డుననున్న మందడము గ్రామమును ఈయ గణపతిదేవుడు సంకల్పించెను. ఆ గ్రామమును వెలగపూడితో కూడ ధారపోసినది రుద్రమదేవి. గోళకీమఠము మన వీరశైవ సంప్రదాయమునకు చెందినది కాదు. అది వేరొక శైవశాఖ. అయినను ఆ దానము వినియోగమైన తీరు మనకును శిరోధార్యమే.

గ్రామాదాయమును మూడు భాగములు చేసిరి. ఒక భాగము శివునికి. ఒక భాగము విద్యార్థులకును, శైవమఠమునకును. మూడవ భాగము ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు. అధ్యాపకులు, వైద్యుడు, గణకులు, వంటవారు, కావలివారు - వీరందరికిని ఏర్పాట్లు ఆ శాసనమునందు కలవు.

ప్రసూతిశాల! ఏడువందల అరువది సంవత్సరములకు పూర్వము, కాన్పు అనునది ఇంటి చీకటిగదిలో జరుగు కార్యమని లోకము తలంచు దినములలో, దానికై గ్రామాదాయమునుండి స్థిరమైన వ్యయము కేటాయింపబడినది. ప్రసూతిశాల పుట్టుకకు రాణియే కారణమని శాసనము చెప్పదు. గురువుయొక్క దూరదృష్టి అందు ప్రధానము. కాని ఆ ధర్మమునకు భూమిని ధారపోసిన హస్తము ఒక తల్లిది. వెలగపూడి యనిన నేటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సమావేశములు జరుగు చోటు. అచటికి వెళ్లు ప్రజాప్రతినిధులు ఈ ఒక్క సంగతి యెరిగియున్న చాలును.

3. విదేశీయుని మెచ్చుకోలు - అందలి పొరపాటు

వెనీసు నగరమునుండి వచ్చిన మార్కోపోలో 13వ శతాబ్దము చివర దక్షిణ సముద్రతీరమును చూచెను. మోటుపల్లి రేవునుబట్టి ఈ రాజ్యమును ‘ముత్ఫిలి’ అని పేర్కొనెను. ఇచటి వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించి, ఈ రాజ్యమును వివేకవతియగు రాణి న్యాయముతో, శాంతితో పాలించినదని మెచ్చుకొనెను. మెప్పు గొప్పదే. కాని ఆమెను మరణించిన రాజుయొక్క భార్యగా వ్రాసెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యను సంగతి ఆయనకు తెలియలేదు.

ఇంటివారు ఆమెకు పురుషనామము పెట్టిరి. పరదేశి ఆమెను వితంతువును చేసెను. శత్రువుయొక్క మంత్రి ఆమె స్త్రీత్వమును తన ప్రభువు దయకు హేతువుగా చూపెను. ముగ్గురును ఆమె అధికారమును కండ్లార చూచినవారే, విన్నవారే. అయినను ఆ అధికారము ఆమెదే యని తిన్నగా చెప్పుటకు ముగ్గురికిని నోరు రాలేదు.

తుదకు కాయస్థ అంబదేవుడు తిరుగబడి నేటి కడప సీమ మొదలగు ప్రాంతములను స్వతంత్రముగా పాలింపసాగెను. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనము 1289 నవంబరు నాటిది. మల్లికార్జున నాయకుని సేవకుడగు పువ్వుల ముమ్మడి, రుద్రమదేవియు తన నాయకుడును శివసాయుజ్యము పొందిరని చెప్పి, వారి పుణ్యముకొరకు భూదానము చేసెను. అంబదేవునిపై నడచిన దండయాత్రలోనే ఆమె అసువులు బాసెనని చరిత్రకారులు ఊహించుచున్నారు. వృద్ధాప్యమునందును సేనతో కదలిన ఆ పాలకురాలి నిర్యాణ కాలమును మనకు నిలిపియిచ్చినది ఒక సామాన్య భటుని కృతజ్ఞత.

4. కల్యాణమున వేరొక మార్గము

రుద్రమకు సుమారు నూరేండ్ల పూర్వము, 12వ శతాబ్దమున, బసవేశ్వరుని కల్యాణమున శరణులు ఈ చిక్కును వేరొక విధముగ విప్పిరి. ఇష్టలింగమునకు స్త్రీపురుష భేదము లేదు. జన్మ, మరణ, రజస్సు మొదలగు పంచసూతకములను శరణులు త్రోసిపుచ్చిరి. దీనివలన స్త్రీని సభకు దూరముగ నుంచుటకు చెప్పు ముఖ్యమైన సాకు తొలగిపోయినది. తన సోదరికి లేని ఉపనయనము తనకు వలదని బాల బసవడు పలికెనను కథ మన ఇండ్లలో నేటికిని చెప్పుకొందురు.

ఇచట స్త్రీలు పురుషనామము దాల్చలేదు. తమ వచనములకు తమ సొంత అంకితములు పెట్టుకొనిరి. అక్కమహాదేవి రాజగృహమును విడిచి, కల్యాణమున అల్లమప్రభువు ప్రశ్నలకు నిండుసభలో బదులుచెప్పి, తుదకు మన శ్రీశైలమునకు చేరినది. వాకిలి ఊడ్చు కాయకము చేసిన సత్యక్కయు వచనకర్త్రియే. కల్యాణము చెదరిన పిమ్మట శరణులను వెంటబెట్టుకొని ఉళవి వైపు నడచినవారిలో అక్కనాగమ్మ అగ్రగణ్య యని సంప్రదాయము.

వీరందరిలో ప్రజాపాలనకు దగ్గరియైన పాఠము ఆయ్దక్కి లక్కమ్మది. ఆమె భర్త మారయ్య బసవన్న వాకిట రాలిన బియ్యము ఏరితెచ్చు కాయకము చేయువాడు. ఒకనాడు రోజుకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ ఆ బియ్యమును చూచి, అక్కరకు మించినది మనకు తగదు, వెనుకకు పోసిరమ్మని పంపెను. ఆమె అంకితమునందు భర్త పేరును కలదు. భర్తపై ప్రేమ వేరు, తీర్పు వేరు. చేట ఆమె చేతిలోనిది; లెక్క ఆమెది; మాటయు ఆమెదే. గ్రామనిధిని చేతబట్టిన ప్రతివారును, స్త్రీయైనను పురుషుడైనను, ఈ కథను తలంచుకొనవలెను.

ఈ సంప్రదాయము రాజ్యపాలనయందును ఫలించినది. వీరశైవ రాజవంశమగు కెళదిని 17వ శతాబ్దము చివర చెన్నమ్మ పాలించెను. ఔరంగజేబు సేనలు తరుముచుండగా శరణు వేడిన శివాజీ కుమారుడు రాజారామునకు ఆమె ఆశ్రయమిచ్చి, మొగలు సేన నెదిరించెను. ఆమె రాణి చెన్నమ్మగనే పాలించెను, పురుషనామము దాల్చలేదు.

5. చట్టమిచ్చిన పీఠము

ఇక ఆధునిక కాలము. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి, 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున సేవకురాలుగా నిలిచినది. టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొనియిచ్చిన పిమ్మటనే దారి విడిచినది. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు. ఆమెయే 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, 1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు వెళ్లి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. రాజ్యాంగ నిర్మాణ సభలోని స్త్రీ సభ్యులు పదునైదుగురు మాత్రమే.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీ సభ్యత్వములలోను అధ్యక్ష పదవులలోను మూడవవంతుకు తక్కువ కాకుండ స్త్రీలకు కేటాయించినది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంతు సగమునకు పెరిగినది. 2023లో ఆమోదింపబడిన 106వ సవరణ లోక్‌సభకును శాసనసభలకును మూడవవంతు నియమమును చెప్పినది. జనగణన, నియోజకవర్గ పునర్విభజనల పిమ్మట అది అమలు కావలెనని అందే కలదు.

చట్టము కుర్చీ నిచ్చినది. అందు ఎవరు కూర్చుందురో చూచుట ఊరివారి పని.

6. ఒక ఆక్షేపణ

“ఆడవారికి అనుభవము లేదు, భర్త సాయపడిన తప్పేమి?” యని కొందరు అడుగుదురు. సాయము తప్పు కాదు. రుద్రమకును సేనానులు, మంత్రులు కలరు. ప్రసాదిత్యుడు ఆమెకు బలమైనాడు. కాని ఆమె సింహాసనమున తాను కూర్చుండలేదు. సలహా చెప్పువాడు ప్రక్కన నుండవలెను. సంతకము చేయువారు నడుమ నుండవలెను. అనుభవము లేదని పని తప్పించినచో అనుభవము ఎన్నటికి వచ్చును? ఈతరాదని నీటికి దూరముగ నుంచిన బిడ్డకు ఈత రాదు.

మరుసటి సంవత్సరము ఆగస్టు 15న నేను చేసిన పని చాల చిన్నది. నడిమి కుర్చీకి వెనుక ఆ తల్లి పేరు వ్రాసిన కాగితమును అంటింపజేసితిని. భర్తగారికి ముందువరుసలో గౌరవముగా ఆసనము వేయించితిని. ఆయన ఒక్క క్షణము చూచి, అచటనే కూర్చుండెను. ఆమె వణకుచేతులతో త్రాడు లాగెను. మాటాడినవి నాలుగే వాక్యములు; అందొకటి, బాలికల మరుగుదొడ్డికి నీళ్లకుళాయి లేదను మాట. ఇన్నేండ్లలో ఆ కుర్చీనుండి ఆ మాట ఎవరును పలికియుండలేదు. నేనును ఎన్నడు అడిగియుండలేదు. కుళాయి వచ్చుటకు ఏడు నెలలు పట్టినది. అయినను వచ్చినది.

ప్రశ్న అడిగిన బాలిక అప్పటికి ఎనిమిదవ తరగతి. ఆమె మరల నన్నేమియు అడుగలేదు. అడుగ నక్కరలేకపోయినది.

మననము చేయదగినవి

1. రుద్రమదేవికి పురుషనామము అవసరమైన కారణములు నేడు మన ఊరిలో తొలగినవా? ఏవి తొలగినవి, ఏవి మిగిలినవి?
2. లక్కమ్మ బియ్యమును వెనుకకు పంపిన కథను పంచాయతీ లెక్కలకు అన్వయించి ఇంటిలో చర్చింపుడు.
3. మీ గ్రామసభలో క్రిందటిసారి ఎందరు స్త్రీలు మాటాడిరి? వారి పేర్లు తీర్మానముల పుస్తకములో వ్రాయబడినవా?

మూడవ ప్రశ్నకు సమాధానము ఏ గ్రంథమునందును దొరకదు. ఊరి కచేరికి వెళ్లి చూడవలసినదే.