మన ఊరిని చదువుదాం: గ్రనాడా నుంచి పెద్దాపురం దాకా



ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఈ హాస్టల్ గేటులోకి వచ్చిన రోజు మాకింకా గుర్తుంది. మా ఇళ్ళలో డిగ్రీ పాసైన మొదటి వాళ్ళం మేమే. ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమన్నారు. ముందుగా ఒక తప్పు ఒప్పుకుని పాఠం మొదలుపెడతాం.

పి.జి.లో చేరిన మొదటి రోజుల్లో "మీదే ఊరు?" అని ఎవరడిగినా "కాకినాడ దగ్గర" అనేవాళ్ళం. పెద్దాపురం అని చెప్పేవాళ్ళం కాదు. ఎందుకు చెప్పలేదో మీలో పెద్ద తరగతుల వాళ్ళకు తెలిసే ఉంటుంది. ఆ పేరు వినగానే కొందరు ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి ఒక సెమిస్టరంతా ఊరి పేరు దాచుకున్నాం.

దూరపు ఊరు నేర్పిన పాఠం

మా సిలబస్‌లో స్పెయిన్ దేశపు గ్రనాడా నగరం గురించి ఒక పాఠం ఉంది. అక్కడ కొండ మీద అల్‌హంబ్రా అనే కోట ఉంది. 13, 14 శతాబ్దాల్లో ముస్లిం రాజులు కట్టించారు. 1492లో ఆ నగరం క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది. తర్వాత్తర్వాత కోటను పట్టించుకునే వాళ్ళు కరువయ్యారు. 1812లో నెపోలియన్ సైన్యం వెళ్ళిపోతూ కొన్ని బురుజులను పేల్చేసింది కూడా. 1829లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే అమెరికా రచయిత ఆ పాడుబడిన కోటలో కొన్నాళ్ళు ఉండి, అక్కడి వాళ్ళు చెప్పిన కథలు విని, 1832లో పుస్తకం వేశాడు. దాంతో లోకం అటు చూసింది. 1984లో యునెస్కో ఆ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ పాఠంలో నాలుగు విషయాలు మమ్మల్ని ఆపేశాయి. ఆ ఊరిలో పట్టు బజారు ఉంది. కొండకు తొలిచిన గుహలున్నాయి. పేటపేటకూ ఒక ఊరేగింపు ఉంది. ఒకప్పుడు చిన్నచూపు చూడబడిన ఆటపాటల వాళ్ళున్నారు. చదువుతూ చదువుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ నాలుగూ మన పెద్దాపురంలోనూ ఉన్నాయి కదా! మరి గ్రనాడాకు పాఠం ఉంది, మనకెందుకు లేదు? ఆ సెలవుల్లో నోటు పుస్తకాలు పట్టుకుని మన ఊరంతా తిరిగాం. ఆ తిరుగుడే ఈ పాఠం.

సంస్థానం, ఒక ఏనుగు, ఒక ఇంటిపేరు

పెద్దాపురం వత్సవాయి వంశం వారి సంస్థానానికి రాజధాని. రాజమండ్రి సర్కారులోని పెద్ద జమీందారీల్లో ఇదొకటి. 1758 డిసెంబరులో ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు తలపడిన చందుర్తి యుద్ధం జరిగింది కూడా మనకు దగ్గర్లోనే, ఇప్పటి గొల్లప్రోలు మండలంలో. ఆ యుద్ధంలో ఇంగ్లీషువారి వైపు విజయనగరం రాజు నిలిచాడు, ఫ్రెంచివారు ఓడిపోయారు. 19వ శతాబ్దంలో పెద్దాపురం జమీందారీ ముక్కలై చిక్కిపోయింది. నాటి వైభవం చూపే కోట ఇప్పుడు మన కళ్ళముందు లేదు. కానీ ఆ సంస్థానపు గుర్తు ఒకటి మన తెలుగు వాచకంలో ఉంది.

భర్తృహరి సుభాషితాలను తెలుగు పద్యాల్లో చెప్పిన ఏనుగు లక్ష్మణకవి పేరు మీరు చదివే ఉంటారు. 18వ శతాబ్దపు కవి. ఆయన ఊరు పెద్దాడ, మనకు కూతవేటు దూరం. వాళ్ళ అసలు ఇంటిపేరు పైడిపాటి. పూర్వీకుల్లో ఒకాయన పెద్దాపురం ప్రభువుల దగ్గర ఏనుగును బహుమానంగా పొందడంతో ఇంటిపేరు 'ఏనుగు'గా మారిపోయిందని చెబుతారు. ఒక పేరుకు గౌరవం ఎలా వస్తుందో చూడండి! గౌరవం వచ్చినట్టే, పోనూ పోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

సత్రం నుంచి హాస్టల్ దాకా

మన మహారాణి కాలేజీ పూర్తి పేరు శ్రీ రాజా వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మ జగపతి బహదూర్ మహారాణి కళాశాల. ఆ పేరులోని మహారాణి గారు పెద్దాపురంలోనూ, కత్తిపూడిలోనూ సత్రాలు పెట్టించారు. బాటసారులకు, చదువుకునే వాళ్ళకు ఇంత అన్నం పెట్టడం మన ప్రాంతంలో పాత సంప్రదాయమే.

అయితే చరిత్ర చదివేటప్పుడు రెండో ప్రశ్న కూడా వేయాలి. ఆ అన్నం ఎవరికి? ఆ కాలంలో సత్రాల్లో పంక్తులు కులాల వారీగా ఉండేవి. మన తాతముత్తాతలకు ఆ పంక్తుల్లో చోటు లేదు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు, ఆయన శిష్యుడైన పిఠాపురం మహారాజా అంటరానివారన్న పిల్లలను చదువుకు దగ్గరకు తీశారు. మన ఊరి లూథరన్ హైస్కూలు లాంటి మిషన్ బడులూ తలుపులు తెరిచాయి. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం ఇచ్చిన హక్కుతో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు వచ్చాయి. సత్రంలో పెట్టేది దానం. ఇక్కడ మన కంచంలో పడేది మన హక్కు. సాయంత్రం బెల్లు కొట్టగానే కంచం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు ఎవరూ తల దించుకోనక్కర లేదు.

పేటపేటకూ ఒక రాత్రి: మరిడమ్మ జాతర

గ్రనాడాలో ఈస్టరుకు ముందు వారంలో ఒక్కో పేట సంఘం తమ చర్చిలోని విగ్రహాలను భుజాల మీద మోసుకుంటూ ఊరేగిస్తుంది. మన మరిడమ్మ తల్లి జాతర కూడా అలాంటిదే. జ్యేష్ఠ అమావాస్యకు మొదలై ఆషాఢమంతా సాగుతుంది. ఒక్కో వీధి వాళ్ళు తమ వంతు రాత్రి సంబరం చేస్తారు. లైటింగు, గరగలు, డప్పులు, బళ్ళ మీద ఖర్జూరాలు, జీళ్ళు... హాస్టల్ కిటికీ దగ్గర నిలబడి ఏ వీధి లైటింగు బాగుందో పందేలు కాసిన వాళ్ళం మేం.

మరిడమ్మ అంటే కలరా, మశూచి వంటి మహమ్మారి రోగాల నుంచి ఊరిని కాపాడే తల్లి అని మన పెద్దల నమ్మకం. మందులు లేని రోజుల్లో ఊరంతా కలిసి భయాన్ని మోసిన పండుగ ఇది. డప్పు లేకుండా ఈ సంబరం లేదు. ఆ డప్పు ఎవరి చేతుల్లో మోగుతుందో, వాళ్ళను ఊరు ఏ వైపున ఉంచిందో కూడా ఈసారి జాతరకు వెళ్ళినప్పుడు ఆలోచించండి.

పాండవుల మెట్ట: నమ్మకం వేరు, ఆధారం వేరు

మెట్ట మీద సూర్యనారాయణమూర్తి గుడి ఉంది, గుహలున్నాయి. వనవాసంలో పాండవులు ఇక్కడ తలదాచుకున్నారని చెబుతారు. భీముని పాదమని ఒక గుర్తును చూపిస్తారు. ఇది జనం నమ్మకం, దాన్ని గౌరవిద్దాం. చరిత్ర విద్యార్థి మాత్రం ఆధారం అడగాలి. ఆధారం అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే రెండు ఊళ్ళు చాలు. గొల్లప్రోలు మండలం కొడవలిలో బౌద్ధ క్షేత్రముంది. అక్కడి బండ మీద చంద్రశాతి అనే శాతవాహన రాజు శాసనం చెక్కి ఉంది. సామర్లకోటలోని కుమారారామ భీమేశ్వరాలయం తూర్పు చాళుక్యుల నాటిది. క్రీ.శ. 892లో గద్దెనెక్కిన చాళుక్య భీముడు కట్టించాడని చరిత్రకారులు అంటారు. పంచారామాల్లో ఇదొకటి. రాతి మీద అక్షరం ఉన్నచోట అక్షరాన్ని చదవాలి. లేనిచోట కథను కథగా రాసుకోవాలి. రెంటినీ కలపకూడదు.

మగ్గం గుంట, సగ్గుబియ్యం కళ్ళం

పెద్దాపురం పట్టు పంచెలకు, కండువాలకు పేరు. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, పైన జాకార్డు పెట్టె కదులుతుంటే, పోగు పోగు చూసుకుంటూ నేస్తాడు. మేం ఒక ఇంట్లో గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో బట్ట పెరిగింది బెత్తెడు కూడా లేదు. పట్టు పంచె ఖరీదెందుకో పుస్తకం చెప్పనిది ఆ గంట చెప్పింది.

రెండోది సగ్గుబియ్యం. మన మెట్ట భూముల్లో పండే కర్రపెండలం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. దుంప తోలు తీసి, కడిగి, మర పట్టి, పాలు తీసి తేర్చుతారు. అడుగున చేరిన పిండిని గుండ్రంగా పూసలు కట్టించి, వేయించి, ఎండబెడతారు. మన అమ్మల్లో ఎంతోమంది ఆ కళ్ళాల్లో ఎండకు ఎండిన వాళ్ళే. పండుగ నాడు పాయసం తాగేటప్పుడు వాళ్ళను తలుచుకోండి.

ఆ నవ్వు వెనక ఉన్న చరిత్ర

ఇప్పుడు అసలు విషయం. జమీందారుల కాలంలో గోదావరి జిల్లాల్లో కలావంతుల కుటుంబాలు ఉండేవి. సంగీతం, నాట్యం, సాహిత్యం తెలిసిన స్త్రీలు. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో తొమ్మిది రాత్రులు ఆడే నవజనార్దన పారిజాతం వాళ్ళ కళే. ఆ కళతో పాటు వాళ్ళను డబ్బున్న మగవాళ్ళ మీద ఆధారపడేలా చేసిన వ్యవస్థ కూడా ఉంది. దాన్ని దాచక్కర లేదు. వెంకటరత్నం నాయుడు గారి వంటి సంస్కర్తలు దాన్ని ఎదిరించారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. 1948 చట్టంతో జమీందారీలూ పోయాయి. చెడ్డ ఆచారం పోవలసిందే. కానీ ఆచారంతో పాటు ఆదరువూ పోయింది. దాని బదులు ఆ స్త్రీల చేతికి మరో బతుకుతెరువు ఎవరిచ్చారు? పేదరికంలో పడ్డ కొందరిని దళారులు వాడుకున్నారు. నింద మాత్రం దళారుల మీద పడలేదు, వాళ్ళ దగ్గరికి వచ్చిన మగవాళ్ళ మీద పడలేదు. ఆడవాళ్ళ మీద, ఊరి పేరు మీద పడింది.

గ్రనాడాలో సాక్రొమాంతె కొండ గుహల్లో ఉండే జిప్సీలనూ ఒకప్పుడు ఊరు ఈసడించింది. వాళ్ళ ఆటపాటలున్న ఫ్లమెంకో కళను 2010లో యునెస్కో గుర్తించింది. మన దగ్గర నటరాజ రామకృష్ణ గారు కలావంతులైన పెద్దల దగ్గర నేర్చుకుని, వాళ్ళ నాట్యాన్ని 'ఆంధ్రనాట్యం' పేరుతో మళ్ళీ నిలబెట్టారు. కళకు గౌరవం దక్కింది. ఊరికీ, ఆ ఇళ్ళ ఆడవాళ్ళకూ దక్కాల్సింది ఇంకా ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన కులం పేరు తెలియగానే మాట మార్చే మొహాలు మనకు కొత్త కాదు. పేరును బట్టి మనిషిని కొలిస్తే ఎంత నొప్పో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అలాంటి మనమే ఊరి పేరు విని నవ్వే వాళ్ళతో కలిసి నవ్వితే ఎలా? ఊరికి వేసే జోకులో ఎవరి తల్లో, ఎవరి చెల్లో ఉంటుంది. మేం ఆ జోకుకు బదులు చెప్పకుండా పేరు దాచుకున్నాం. అదీ మా తప్పు. రెండో సెమిస్టరులో సెమినార్ పేపరుకు మేం తీసుకున్న అంశం 'పెద్దాపురం'. మొదటి వాక్యం చదవగానే వెనక బెంచీలో ఒకరు నవ్వారు. పదిహేను నిమిషాల తర్వాత అదే బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "పాండవుల మెట్టకు బస్సు ఎక్కడ దిగాలి?"

మీరు చేయవలసిన పని

1. జాతరలో మీ వీధి వంతు ఎప్పుడు వస్తుంది? ఆ ఏర్పాటు ఎలా మొదలైందో ముగ్గురు పెద్దవాళ్ళను అడిగి రాయండి. ముగ్గురూ ఒకేలా చెప్పారా?

2. పాండవుల మెట్ట మీద మీరు చూసినవాటిని రెండు వరుసల్లో రాయండి: కంటికి కనిపించినవి, చెప్పగా విన్నవి.

3. ఒక నేతగాని ఇంట్లోనో, సగ్గుబియ్యం మిల్లులోనో ఒక గంట కూర్చోండి. వాళ్ళు వాడే పనిముట్ల పేర్లు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

4. మీ అమ్మ ఊరు, మీ నాన్న ఊరు ఏవి? ఆ పేర్లు ఎలా వచ్చాయి?

రాసినవి వార్డెన్ గారికి ఇవ్వండి. వచ్చే సంచికలో వేయమని మేమూ అడుగుతాం. రేపు మీరు పై చదువులకు వెళ్ళినప్పుడు ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే, "కాకినాడ దగ్గర" అనకండి.

ఇట్లు,
మీ పాత విద్యార్థులు