అడ్రినల్ గ్రంథిపై గడ్డ - స్కానింగు ఏమి చెప్పగలదు?

మూత్రపిండంలో రాయి ఉన్నదేమోనని సి.టి. స్కానింగు తీయించుకొన్న ఒక గృహిణి ఆ రిపోర్టుతో నా వద్దకు వచ్చారు. వయస్సు యాభై ఎనిమిది. రాయి సంగతి ఆమె మరచిపోయారు. 'ఎడమ అడ్రినల్ గ్రంథిపై 2.4 సెంటీమీటర్ల గడ్డ' అన్న ఒక్క వాక్యం వారం రోజులుగా ఆమెకు నిద్ర లేకుండా చేసింది. "ఇది క్యాన్సరేనాండీ? కరిగించే కషాయం ఏదైనా ఇవ్వండి" అన్నారు.

అడ్రినల్ గ్రంథులు రెండు. మూత్రపిండాల శిరస్సున టోపీలవలె అమరియుంటాయి. ఒక్కొక్కటి 4, 5 గ్రాములకు మించదు. సుశ్రుతుడు నిదానస్థానంలో గ్రంథిని, అర్బుదాన్ని వేరువేరుగా వర్ణించిన మాట నిజమే. అయితే అవి కంటికి, చేతికి అందే గడ్డలు. ఇంత లోతున ఉన్నదానిని నాడి పట్టి నిర్ణయించగలమనే వారిని నేను నమ్మను.

రిపోర్టులో నేను మొదట వెదకినది ఒక అంకె. కాంట్రాస్టు మందు ఎక్కించక మునుపు తీసిన సి.టి. చిత్రంలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. నీటికి సున్న, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100. అడినోమా అనే నిరపాయకరమైన గడ్డ కణాలలో సాధారణంగా కొవ్వు నిండియుంటుంది కనుక దాని అంకె తక్కువగా వస్తుంది. గడ్డ అంతటా ఒకే తీరుగా ఉండి, అంకె 10 గాని అంతకు తక్కువ గాని అయితే అది క్యాన్సరు కాదు. అటువంటి గడ్డ ఎంత పెద్దదైనా మరల స్కానింగు అక్కరలేదని 2023లో వెలువడిన ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు చెప్పుచున్నవి.

10 దాటినంత మాత్రాన క్యాన్సరని భయపడనక్కరలేదు. కొవ్వు తక్కువైన అడినోమాలూ ఉన్నాయి. అప్పుడు ఎం.ఆర్.ఐ., పెట్ స్కానింగు వంటివి తోడ్పడతాయి. లేదా కొన్ని నెలలు ఆగి, గడ్డ పెరిగినదేమో చూస్తారు. 4 సెంటీమీటర్లు, అంతకు పైబడి, అంకె 20 దాటినా, లోపల ఎగుడుదిగుడుగా కనిపించినా ఆలస్యం పనికిరాదు. సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం.

గడ్డ హార్మోనులను అధికంగా స్రవిస్తున్నదా అన్నది మాత్రం స్కానింగు చెప్పదు. దానికి రక్త, మూత్ర పరీక్షలు కావాలి. ఉన్నట్టుండి చెమటలు, గుండెదడ, తలనొప్పి కలిగించే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఒకటున్నది. అది కాదని తేలక మునుపు సూదితో ముక్క తీస్తే రక్తపోటు ప్రాణాంతకంగా పెరగవచ్చును.

ఆమె రిపోర్టులోని అంకె 4. గడ్డ అంతటా ఒకే తీరుగా ఉన్నదనీ వ్రాసియున్నది. అయితే ఆమెకు రక్తపోటు ఉన్నది. పైగా దగ్గుకని రెండు నెలలుగా అతిమధురం కషాయం త్రాగుచున్నారు. అతిమధురం ఎక్కువకాలం వాడితే శరీరంలో ఉప్పు నిలిచి, పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. ఆల్డోస్టిరోన్ పరీక్ష లెక్కా తప్పుతుంది. కనీసం నాలుగు వారాలు దానిని మాని, ఆ పిమ్మట పరీక్ష చేయించుకొమ్మన్నాను. గడ్డను కరిగించే కషాయం నా వద్ద లేదనీ, ఎవరైనా ఇస్తే కొనవద్దనీ చెప్పాను.

లేచి గుమ్మందాకా వెళ్లి, ఆమె వెనుదిరిగారు. "మరి ఆ రాయి మాటేమిటండీ?" అన్నారు.